డెబ్బై అడుగుల పడవలో పన్నెండంగుళాల టీవీ

గ్రేట్ హేవుడ్, కాలువగట్టు
ఆదివారం, 7 సెప్టెంబరు 1986

అక్కకి,

నీ ఉత్తరం నిన్న ఇక్కడి పోస్టాఫీసులో అందుకున్నాను. లోర్నా వాళ్ల బ్యాండు లండన్‌లో పోటీల ఫైనల్స్‌కి వెళ్తోందనీ, మధ్యలో ఒంటరిగా కార్నెట్ బాకా వాయించే ఘట్టం నీ కూతురికే ఇచ్చారనీ చదివి, పడవ కప్పు మీదకెక్కి గంతులేశాను. పక్క పడవావిడ నన్ను కందిరీగ కుట్టిందనుకుని వెనిగర్ సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. దాని చేత మొదటిసారి కార్నెట్ ఊదించింది నేనే కదా, నేను బస్సులు రిపేరు చేసే షెడ్డులో, మధ్యాహ్నం భోజనాల వేళ! అప్పుడది ఊదితే షెడ్డులో పిల్లులన్నీ పారిపోయేవి.

రెండో పేజీ చదివాక కప్పు మీంచి దిగొచ్చాను. నువ్వెదురుగా కూర్చుంటే ఊపిరందదు కాబట్టి హాలుకి రావద్దని లోర్నా అంది, సరే. టీవీలో చూద్దామంటే ఇంట్లో టీవీ లేదు. "ఆ పెట్టె గుమ్మం లోపలికొస్తే నేను బయటికి" అన్న బావ మాటని, బావ పోయాక కూడా నువ్వు కాపలా కాస్తున్నావు. వీధంతా పోటీ జరిగే శనివారం సగ్డెన్ గారింట్లో కొత్త కలర్ టీవీ ముందు చేరబోతోంది. ఆవిడ గడప మాత్రం నువ్వు తొక్కవు. "ఆడపిల్ల బాకా ఊదితే పెదవులు వాచి ముఖం చెడిపోతుంది" అని ఆవిడ అన్న మాట నేనూ మర్చిపోలేదులే.

అందుకని నా ఆలోచన విను. మీ పెరటి గోడ దిగితే కాలువ. ఆ కాలువా, ఈ కాలువా అన్నీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. అక్టోబరు నాలుగో తేదీకి నా పడవని మీ ఇంటి వెనక్కే తీసుకొస్తాను. అందులో ఒక చిన్న టీవీ కొన్నాను. నలుపు తెలుపు, పన్నెండంగుళాల తెర. గోడ ప్లగ్గు అక్కర్లేదు, పడవ బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలిస్తే పలుకుతుంది. పిట్ట కొంచెం, కూత ఘనం.

బావకిచ్చిన మాటంటావా? "పడవ కూడా ఒక ఇల్లేనట్రా" అని నువ్వు నన్నెన్నిసార్లు తిట్టలేదు? ఇల్లు కాదు కాబట్టి మాట తప్పినట్టు కాదు. నీ తిట్లే నీకు అక్కరకొచ్చాయి చూశావా!

దారి గీస్తున్నాను. గంటకి మూడు మైళ్లు, పడవని మెట్టులా ఎక్కించీ దించే లాకొక్కటీ ఇంకో మైలు కింద లెక్క. మిడిల్‌విచ్ పోస్టాఫీసుకి రాయి, ఆ తర్వాతది విగన్‌కి.

నీ తమ్ముడు
హెడ్లీ


సిల్స్‌డెన్
శుక్రవారం, 12 సెప్టెంబరు

ఒరేయ్ హెడ్లీ,

అరవై దాటినా నీకు బుద్ధి రాలేదు. పింఛను తీసుకున్నవాళ్లు గులాబీలు పెంచుకుంటారు, లేదంటే పావురాల్ని పెంచుకుంటారు. నువ్వేమో ఇల్లమ్ముకుని పడవ కొన్నావు. కొన్నది చాలక ఇప్పుడు నీళ్ల మీద కరెంటు పెట్టి టీవీ ఆడిస్తావా? స్నానాల తొట్టి పక్కన రేడియో కూడా పెట్టకూడదని అమ్మ చెప్పలేదూ? అయినా అమ్మ పేరే పడవకి పెట్టుకున్నావు, ఆవిడే కాపాడాలి నిన్ను.

ఈ ఉత్తరంతోపాటు మీ బావ అర్నాల్డ్ రబ్బరు చేతి తొడుగులు పంపిస్తున్నాను. టీవీ ముట్టుకునేటప్పుడు వేసుకో. వేసుకోలేదని తెలిస్తే ఊరుకోను.

నీ ఆలోచన విని ముందు నవ్వాను, తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. నాకు లోర్నాని చూడాలని ఉందిరా. దాని చిన్నప్పటి నుంచీ ఆ కార్నెట్‌కి పాలిష్ పెట్టిన చేతులివి. మెట్ల కింద కూర్చుని అది సరిగమలు దిద్దుకుంటుంటే కూరలో ఉప్పు రెండుసార్లు వేసినదాన్ని. దేశమంతా చూస్తూ ఉంటే నేనొక్కదాన్నీ వంటింట్లో గోడకి చెవి పెట్టి, సగ్డెన్ ఇంట్లోంచి వచ్చే చప్పట్లు వినాలా?

కాబట్టి రా. కానీ ఒక్క షరతు. నేను పడవెక్కను. చిన్నప్పుడు బ్లాక్‌పూల్‌లో ఆ తెడ్ల పడవలో ఏమైందో నీకు తెలుసు, నువ్వే ఊపావు. గట్టు మీద కుర్చీ వేసుకుని, కిటికీలోంచి చూస్తాను. టీవీని కిటికీ వైపు తిప్పి పెట్టు.

రేగుపండ్ల జామ్ రెండు సీసాలు నీ కోసం దాచాను. మేజోళ్లు తడిగా వేసుకోకు.

మీ అక్క
ఎనిడ్


మిడిల్‌విచ్
గురువారం, 18 సెప్టెంబరు

అక్కకి,

బావ తొడుగులు అందాయి. పన్నెండు వోల్టులు పిల్లి మీసాన్ని కూడా కదపవు, అయినా నీ మాట కాదనలేక వేసుకుని టీవీ చూశాను. చుట్టుపక్కల పడవలవాళ్లు నేనేదో ఆపరేషన్ చేస్తున్నాననుకున్నారు.

ఈ పది రోజుల్లో టీవీ నన్ను మనిషిని చేసింది. మొదటి రాత్రి దీపాలన్నీ వెలిగించి, అంట్లు తోముకుని, దర్జాగా కూర్చున్నాను. వార్తలు సగంలో ఉండగా బొమ్మ చిన్నదవడం మొదలుపెట్టింది. నిజంగా చిన్నదవుతుంది! బ్యాటరీ నీరసించేకొద్దీ నాలుగు అంచులూ లోపలికి ముడుచుకుంటాయి. చివరికి వార్తలు చదివే ఆయన తపాలా బిళ్లంత అయిపోయి, చుక్కై మాయమయ్యాడు. తర్వాత తెలిసింది: ఈ పడవలో కుళాయి తిప్పితే ఒక చిన్న పంపు గుర్రుమంటుంది, దానికీ ఆ బ్యాటరీయే దిక్కు. దీపానికీ అదే. ఇంట్లో కరెంటు ఎక్కడి నుంచో వస్తుంది కాబట్టి మనకి పట్టదు. ఇక్కడ ఒక కప్పు కడిగితే సినిమాలో రెండు మాటలు తగ్గిపోతాయి.

మరి ఇంజను తిప్పి బ్యాటరీ నింపుకోవచ్చుగా అంటావు. పగలు తిప్పుతాను. రాత్రి ఎనిమిది దాటాక కట్టేసిన పడవలో ఇంజను తిప్పకూడదు, అది కాలువ మీద మర్యాద. తిప్పినవాడికి మర్నాడు లాకు దగ్గర ఎవడూ గేటు పట్టడు. లోర్నా వాయించేది ఎనిమిది దాటాకే. అందుకని రెండో బ్యాటరీ కొని పెట్టాను.

యాంటెన్నాని చీపురుకర్రకి కట్టి కప్పు మీద నిలబెట్టాను. పడవ కట్టిన చోటల్లా టవరు ఎటుందో చూసుకుని తిప్పుకోవాలి. కొండ చాటున కడితే బొమ్మంతా మంచు కురుస్తుంది. అందుకని దారి మొత్తం టీవీ టవర్ల పటం ముందేసుకునే గీశాను. ఏ రాత్రి ఎక్కడ ఆగాలి, ఏ కొండని తప్పించుకోవాలి, అన్నీ రంగు పెన్సిళ్లతో. నా జన్మలో ఇంత జాగ్రత్తగా ఏ పనీ చేయలేదు. మీ పెరటి వెనక బొమ్మ అద్దంలా వస్తుంది, నాదీ పూచీ.

బ్లాక్‌పూల్‌లో పడవ ఊపింది నేను కాదు, అలలు.

నీ తమ్ముడు
హెడ్లీ


సిల్స్‌డెన్
మంగళవారం, 23 సెప్టెంబరు

హెడ్లీ నాన్నా,

కూర్చుని చదువు. నిలబడి ఉంటే పడిపోతావు.

సగ్డెన్ గారింట్లో కలర్ టీవీ పేలిపోయింది! మంటలేం రాలేదు, టప్పుమని ఒక చప్పుడు, గదంతా కాలిన వాసన, అంతే. బాగుచేసేవాడు అక్టోబరు సగం దాటాక గానీ రానన్నాడట. ఆదివారం చాపెల్‌లో టీ తాగుతూ ఆవిడ ఈ సంగతి చెప్పి కళ్లు తుడుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా "అయ్యో, మరి శనివారం ఎలా" అన్నారు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

"మా తమ్ముడు పడవలో టీవీ తెస్తున్నాడు, మా పెరటి వెనక్కే" అన్నాను.

"పడవలో ఎంతమంది పడతారండీ?" అంది సగ్డెన్, నమ్మనట్టు మొహం పెట్టి.

"డెబ్బై అడుగుల పడవమ్మా. ఈ చాపెల్ కన్నా పొడుగు" అన్నాను.

అబద్ధం కాదుగా? ఆ మాటతో అందరూ కప్పులు కింద పెట్టి నా వైపు తిరిగారు. నా నోరు ఇక ఆగలేదు. అందరినీ పిలిచేశాను. సగ్డెన్‌ని కూడా, ఆవిడనైతే రెండుసార్లు పిలిచాను. అప్పుడావిడ మొహం చూడాలి! పదిహేను మందైనా వస్తారు. పోర్క్ పైలు ఎవరు చేయాలో, కేకు ఎవరు తేవాలో పంచేసుకున్నారు కూడా. పాస్టరు గారు ప్రార్థన చివర్లో నీ ప్రయాణం క్షేమంగా సాగాలని కోరారు, పేరు పెట్టి.

ఇన్నేళ్లలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేనురా. పెరటి గోడ దగ్గర చెత్తంతా తీయించి, మెట్లు కడిగించాను. నువ్వు ఒక్కరోజు ముందే వచ్చేయి. ఆలస్యం చేశావో, నేనీ ఊళ్లో తలెత్తుకోలేను.

మీ అక్క
ఎనిడ్

నేను మాత్రం గట్టు మీదే.


విగన్, లాకుల కింద
బుధవారం, 24 సెప్టెంబరు

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ తమ్ముడు గాడిద.

ఇవాళ పొద్దున్న విగన్ చేరాను. ఇక్కడి నుంచి కొండ మీదకి లాకుల వరస, అది ఎక్కితే మీ ఊరికి దారి. సంబరంగా మొదటి లాకులోకి పడవ దూర్చాను. ముక్కు గోడకి తగిలింది. వెనక్కి చూస్తే తోక ఇంకా బయటే ఉంది. గేటు మూయాలంటే పడవ వెనక గదిని కోసేసి గట్టు మీద పెట్టాలి.

గట్టు మీద ఒకడు పైపు కాల్చుకుంటూ చూస్తున్నాడు. పేరు ఎంట్విసల్, మన యార్క్‌షైర్‌కి తరతరాల పోటీ అయిన లాంకషైర్ పుట్టుక, పొట్టి పడవ.

"పొడవెంతేంటి నీ పడవ?" అన్నాడు.

"డెబ్బై."

"ఈ కాలువలో లాకులు అరవై రెండడుగులే. యార్క్‌షైరోళ్లకి లెక్కలు కూడా రావా?"

"పుస్తకంలో రాయలేదు" అన్నాను.

వాడు నా పుస్తకం తీసుకుని, వెనక అట్ట తిప్పి, వేలు పెట్టి చూపించాడు. పెద్ద అక్షరాల్లోనే ఉంది. నేనేమో నెలరోజులుగా టవర్లు చూశాను, కొండలు చూశాను, సొరంగాలు చూశాను. పడవ లాకులో పడుతుందో లేదో చూడాలన్నది మాత్రం తట్టలేదు. బొమ్మ వస్తుందా అన్నదే ధ్యాస. సాయంత్రానికల్లా ఈ వార్త రేవంతా పాకింది. కుక్కని తిప్పడానికి వచ్చినవాళ్లు కూడా ఆగి నా పడవని అడుగులతో కొలుస్తున్నారు.

నన్ను క్షమించు. వేరే దారి లేదక్కా, పంతం పక్కన పెట్టి సగ్డెన్ గారింటికి వెళ్లు. ఆవిడ మాటలు ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేయి. ఎలాగైనా నువ్వు లోర్నాని చూడాలి. నేనిక్కడ చూస్తాను. నలుగురికీ చెప్పలేదు కదా, అదొక్కటే నయం.

హెడ్లీ


సిల్స్‌డెన్
శుక్రవారం, 26 సెప్టెంబరు

హెడ్లీ,

నలుగురికీ చెప్పలేదు కదా అంటావా! విగన్ పోస్టాఫీసుకి వెళ్లి నా ఉత్తరం తీసుకో. చదివాక నీ పడవలోని పొడుగాటి కర్రతో నిన్ను నువ్వే రెండు తగిలించుకో.

నీ ఉత్తరం చదివి మెట్ల మీద కూలబడ్డాను. బస్సులు రిపేరు చేసినవాడివి కదరా, బస్సు షెడ్డులో పడుతుందో లేదో చూసుకోకుండానే ఎక్కించేవాడివా? నేనేమో డెబ్బై అడుగులు, డెబ్బై అడుగులు అని ఊరంతా చాటాను. ఆ డెబ్బయ్యే మన కొంప ముంచింది.

కోపంతో జామ్ సీసాలు రెండూ పాస్టరు గారికిచ్చేశాను. ఇప్పుడు బాధగా ఉంది.

నిన్న రాత్రి చాపెల్‌లో సమావేశం. లేచి నిలబడి నిజం చెప్పేద్దామని వెళ్లాను. "మా తమ్ముడి పడవ రాదు, నన్ను మన్నించండి" అని దారంతా వల్లించుకున్నాను. లేచాను. అందరూ నన్నే చూస్తున్నారు. ముందు వరసలో సగ్డెన్, ఒళ్లో చేతులు పెట్టుకుని, పెదవి చివర ఒక చిన్న నవ్వు. ఆ నవ్వు చూడగానే నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పడవ ఇక్కడికి రాదు. మనమే దాని దగ్గరికి వెళ్తున్నాం. బస్సులో."

నాకే తెలియకుండా అనేశాను. తర్వాత వెనక నుంచి ముసలి బ్రెయిత్‌వెయిట్ అడిగాడు: "ఎక్కడికమ్మా?"

"విగన్‌కి."

"లాంకషైర్‌కా!" అని ఎవరో గుండె పట్టుకున్నారు. మన బ్యాండు పోటీని లాంకషైర్ గడ్డ మీద కూర్చుని చూడ్డమేంటని గోల. సగ్డెన్ గారే లేచి, "లోర్నా మన వీధి పిల్ల. దాని కోసం ఒక్కరోజు లాంకషైర్ భరిద్దాం" అంది. నేను నోరు తెరిచినదాన్ని మూయలేదు. ఆవిడ టీవీ పిచ్చి అలాంటిదో, ఇంకేమైనా ఉందో నాకు తెలియదు.

బస్సు మాట్లాడాం. నువ్వు కదలకు. టవరెటుందో చూసి కట్టుకో.

ఎనిడ్


విగన్
సోమవారం, 29 సెప్టెంబరు

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మొదటిది చదివి కూర్చున్నాను, రెండోది చదివి పడుకున్నాను.

నీకు నేను చెప్పని సంగతొకటి ఉంది. పడవ పొడుగు డెబ్బై అడుగులే, వెడల్పు ఏడడుగులు కూడా లేదు. నేను చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. పదిహేను మంది కూర్చోవాలంటే రైలు పెట్టెలోలా ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. చివరివాళ్లకి లోర్నా కాదు, ముందువాళ్ల టోపీలు కనబడతాయి. టోపీలు పెట్టుకు రావద్దని చెప్పు.

ఇంకా కొన్ని మాటలు బస్సులో అందరికీ చదివి వినిపించు. అందరూ ఒకే వైపు ఒరగకూడదు, పడవ వంగుతుంది. దీపాలు వేయకూడదు. ముఖ్యంగా ఎవరూ కుళాయి ముట్టుకోకూడదు. టీ నేను ఫ్లాస్కుల్లో పోసి పెడతాను. కప్పులు అలాగే వదిలేయాలి, మర్నాడు నేను కడుక్కుంటాను.

ఎంట్విసల్‌కి చెప్పాను. "యార్క్‌షైరోళ్లు బస్సు నిండా వస్తున్నారా? రేవుకి తాళం వేయించాలి" అన్నాడు. కానీ పొద్దున్న లేచి చూస్తే నా యాంటెన్నా చీపురుకర్రకి ఎవరో కొత్త తాడు బిగించి ఉంది.

హెడ్లీ


సిల్స్‌డెన్
బుధవారం, 1 అక్టోబరు

హెడ్లీ,

పదిహేడు మందిమి. పైలు, కేకులు, రెండు కిలోల చీజ్. నా కుర్చీ నేనే తెచ్చుకుంటున్నాను. గట్టు మీద కిటికీ ఎదురుగా చోటు చూసి పెట్టు.

లోర్నా ఫోన్ చేసింది. "మావయ్య చూస్తాడా?" అని అడిగింది. చూడక చస్తాడా అన్నాను.

ఎనిడ్


విగన్
సోమవారం, 6 అక్టోబరు

అక్కా,

శనివారం బస్సు డ్రైవరు హారన్ కొట్టి కొట్టి మిమ్మల్ని లాక్కుపోయాడు. నీతో ఒక్క మాటైనా మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను, నాకు కావలసింది ఒక్కటే. ఏం జరిగిందో చెప్పు. ఎందుకంటే నేనేమీ చూడలేదు.

నాకు తెలిసింది ఇంతే. మీరొచ్చేసరికి వాన మొదలైంది. నువ్వు గొడుగు వేసుకుని గట్టు మీద కుర్చీలో కూర్చున్నావు. ఎవరు పిలిచినా కదల్లేదు. అప్పుడు సగ్డెన్ గారు పడవ గుమ్మంలోంచి చెయ్యి చాపింది. నువ్వు ఆ చేతిని కాసేపు చూసి, పట్టుకుని, ఎక్కావు. అది మాత్రం చూశాను. టీవీలో ఏమొస్తుందో నాకెందుకు, అది చూశాను చాలు అనుకున్నాను.

లోపల నిలబడే చోటు లేక నేను వెనక, చుక్కాని దగ్గర ఉండిపోయాను. అంతా బాగానే నడుస్తోంది. ఇంతలో గుర్రుమని పంపు. ఆగింది. మళ్లీ గుర్రు. అరిచాను, బ్యాండు మోతలో ఎవరికీ వినబడలేదు. కాసేపటికి పాస్టరు గారు తల బయటపెట్టి "హెడ్లీ గారూ, బొమ్మ కుంచించుకుపోతోందండీ" అన్నారు. రెండో బ్యాటరీని కూడా ఆ పంపే తాగేసింది. ఎనిమిది ఎప్పుడో దాటింది. మర్యాద మాట వదిలేసినా, ఇంజను వేస్తే ఆ చప్పుడుకి కార్నెట్ వినబడదు.

ఎంట్విసల్ పడవ మీద నిద్రపోతున్నాడనుకున్నాను. వాడు తలుపు తీసుకుని కిటికీ దగ్గర నిలబడి మీ టీవీ వింటున్నాడు! ఇంజను వేయకుండా కర్రతో తోసుకుంటూ తన పడవని నా పడవ పక్కకి తెచ్చాడు. తన బ్యాటరీ ఎత్తి నా పడవ కప్పు అంచున పెట్టాడు. టీవీ వైరు కిటికీలోంచి బయటికి లాగాను, అంతే పొడుగుంది, ఇంకో జానెడు లేదు. ఒక కాలు నా పడవ మీద, ఒక కాలు వాడి పడవ మీద వేసి, వానలో క్లిప్పులు రెండూ చేత్తో నొక్కి పట్టుకున్నాను. బావ తొడుగులు వేసుకున్నాను, నీ మీదొట్టు.

అప్పుడే లోర్నా మొదలుపెట్టింది.

విన్నాను అక్కా. మొత్తం విన్నాను. బస్సుల షెడ్డులో పిల్లుల్ని తరిమిన పిల్లేనా అనుకున్నాను. కానీ ఎలా ఉంది? కళ్లు మూసుకుందా? ఆ పై స్వరం దగ్గర ఎడమ మడమ ఎత్తిందా? ఏడాదిపాటు ఆ అలవాటు మాన్పించాలని చూశాను దాని చేత. అది చెప్పు.

ఇంకొకటి. ఇక్కడి పడవల షెడ్డువాడితో మాట్లాడాను. పడవ నడిమి భాగంలో ఎనిమిది అడుగులు కోసి తీసేసి, రెండు ముక్కలూ అతికిస్తాడట. ఎన్నో పడవలకి అలా చేశాడు. అప్పుడు లాకుల్లో పడుతుంది, ఈస్టర్ నాటికి మీ పెరటి వెనక ఉంటాను. వచ్చే సోమవారం పడవ ఇచ్చేస్తున్నాను. ఈసారి చెప్పిన మాట తప్పను.

హెడ్లీ


సిల్స్‌డెన్
బుధవారం, 8 అక్టోబరు

ఒరేయ్ తమ్ముడూ,

ముందు ఆ షెడ్డువాడి దగ్గరికి పరిగెత్తి రంపం దించమని చెప్పు. తర్వాత వచ్చి ఇది చదువు.

కుళాయి తిప్పింది సగ్డెన్. నీ సూచనలు బస్సులో గొంతు చించుకుని చదివాను. ఆవిడ విన్నది కూడా. కానీ ఎదురుగా ఎంగిలి కప్పులు కనబడితే ఆవిడ చేతులు ఊరుకోవు. చీకట్లోనే ఒక్కొక్కటీ కడిగి, తుడిచి, బోర్లించింది. బొమ్మ తగ్గిపోతూ ఉంటే కప్పు చేత్తో పట్టుకునే నా వైపు తిరిగింది. "ఎనిడ్ గారూ, నావల్లే, నావల్లే" అని. బ్యాండు మొత్తం అగ్గిపెట్టెలో పట్టేంత అయిపోయింది. నా గుండె కూడా అంతే అయిపోయింది.

అప్పుడు పడవ ఒక్కసారి ఊగింది. బొమ్మ నాలుగు వైపులా విచ్చుకుంది. మధ్యలో మన లోర్నా లేచి నిలబడుతోంది.

నేను కూర్చున్నది కిటికీ పక్కన, ఆ మధ్య గదిలో మంచం మీద. పక్కన ఏదో కదిలితే అటు చూశాను. కిటికీ అద్దం నిండా ఒక బూటు. నీదే. తడిసి ముద్దయింది, లేసు ఊడిపోయి వేలాడుతోంది, బురద. ఆ బూటు చూస్తుంటే నేను కళ్లు తిప్పుకోలేకపోయానురా. అవతల దేశమంతా చూస్తున్న నా కూతురు వాయిస్తోంది, ఇవతల దాన్ని నాకు చూపించడానికి నువ్వు వానలో వేలాడుతున్నావు. పై స్వరం వచ్చింది. సన్నగా, ఎక్కడా తెగకుండా. అప్పుడు నీ ఎడమ మడమ పైకి లేచింది.

సగ్డెన్ నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. "అటేం చూస్తావే, నీ కూతురు ఇటుంటే!" అంది. ఇన్నేళ్ల 'గారూ' ఒక్క దెబ్బకి ఎగిరిపోయింది. తిరిగి చూశాను. కళ్లు మూసుకుని ఉంది లోర్నా. ఎడమ మడమ గాల్లో ఉంది.

ఏడాదిపాటు మాన్పించాలని చూశావా? అది నేర్చుకున్నదే నీ దగ్గరరా, పిచ్చివాడా. వెనకటికి నువ్వు బ్యాండులో వాయించేటప్పుడు నాన్న నీ ఎడమ మడమ చూసే నవ్వేవాడు.

అందరం ఏడ్చాం. సగ్డెన్ అందరికన్నా ఎక్కువ ఏడ్చి, "ఆ పెదవులకేమైందని, బంగారంలా ఉన్నాయి" అంది. నేను ఆవిడ చేతిలోని కప్పు తీసుకుని తుడిచి పెట్టాను. రెండో బహుమతి వచ్చిందని, మొదటిది లాంకషైర్ వాళ్లకే పోయిందని ఎంట్విసల్ నీకు ఈపాటికి వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పనీ. వాడికి కేకు పంపిస్తున్నాను, నీకు కొత్తగా పెట్టిన జామ్.

ఇక అసలు సంగతి. నువ్వు కోస్తానన్న ఆ ఎనిమిది అడుగులు ఏవో తెలుసా? ఆ మధ్య గది, ఆ కిటికీ, ఆ మంచం. నేను కూర్చున్న చోటు. ఖబడ్దార్! అది కోశావంటే అమ్మని కోసినట్టే. పడవని కురచ చేయక్కర్లేదు. ఇక్కడి నుంచి విగన్‌కి రైళ్లున్నాయి, వసంతం రాగానే సంచీ సర్దుకుని నేనే వస్తాను. లాకు గేట్లు నేను తోస్తాను. వచ్చే ఏడు దారి గీసేటప్పుడు ఆ టవర్ల పటం బయటికి తీసి, శనివారాలు కొండ చాటున కట్టకుండా చూడు. సగ్డెన్ కూడా ఒక వారం వస్తానంటోంది. కుళాయి దగ్గరికి మాత్రం రానివ్వకు.

నేను ఓడిపోయానని మాత్రం అనుకోకు. పడవ ఇల్లు కాదు. ఆ మాట మీద ఇవాళ్టికీ గట్టిగా నిలబడే ఉన్నాను. ఇల్లే అయితే, అర్నాల్డ్ మాట మీద టీవీ చూడకూడదు కదా.

మీ అక్క
ఎనిడ్